రాళ్లను తూచడానికి ఏ త్రాసు?

పోయిన వారం ఒక మిత్రుడు ఫోను చేశాడు. కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాడు. తొట్టి వచ్చింది, స్టాండు వచ్చింది, ఎండు రాళ్ల పెట్టెలు రెండు గోడవారగా ఉన్నాయి. "ఒక్క త్రాసే తక్కువ. 30 కిలోల రాయి వేయాలట. ఖర్చు తక్కువలో మంచిది ఏదో ఒకటి చెప్పు, ఇప్పుడే తెప్పించుకుంటాను" అన్నాడు.

"సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు కొనుక్కో" అని చెప్పేసి ఫోను పెట్టేశాను. నా దగ్గర ఉన్నది అదే, నాకు నచ్చినదీ అదే. కానీ రాత్రి పడుకున్నాక ఆ సలహా కాస్త తొందరపాటేమో అనిపించింది. అతను అడిగింది త్రాసు గురించి. నేను అడగాల్సింది ఆ అంకెతో ఏం చేస్తాడని. మర్నాడు నేనే ఫోను చేసి, "ఇంకా కొనకు, ఒకసారి మాట్లాడుకుందాం" అన్నాను. ఆ రెండు సమాధానాల మధ్య నాలో నడిచిన వాదన ఇది. మొదటి సమాధానం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కాకపోతే అక్కడికి చేరిన దారి వేరు.

ఒకప్పుడు అన్నీ రాళ్లతోనే తూచేవాళ్లు. తూనికరాళ్లనే మాట అలా వచ్చిందే. ఇప్పుడు రాళ్లనే తూచుకోవలసిన అవసరం వచ్చి, దేనితో తూచాలో తెలియక కూర్చున్నాం.

30 కిలోల లెక్క

గాలనుకు ఒకటి నుంచి రెండు పౌన్ల రాయి అన్న సూత్రం ఉప్పునీటి అక్వేరియాలు పెట్టేవాళ్లకు కంఠతా వచ్చు. మా వాడి తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. గుణిస్తే 243 లీటర్లు. అమెరికా గాలను 3.785 లీటర్లు కాబట్టి 64 గాలన్లయ్యాయి. 64 పౌన్లంటే 29 కిలోలు. అతని 30 కిలోల మూలం ఇదే.

అయితే అదే సూత్రాన్ని రెండో కొస నుంచి పట్టుకుంటే 58 కిలోలు వస్తుంది. బ్రిటిష్ గాలను 4.546 లీటర్లు. దానితో లెక్కిస్తే 24 కిలోలు కూడా సరిపోతుంది. 24కీ 58కీ మధ్య ఎక్కడ ఆగినా సూత్రం ప్రకారమే నడిచినట్టు. ఇంత వదులు చొక్కాకు వెంట్రుకవాసి కొలతలు దేనికి?

పైగా ఆ సూత్రం అడగవలసిన ప్రశ్న బరువు గురించి కానే కాదని నా అనుమానం. ఉప్పునీటి తొట్టిలో రాయి చేసే అసలు పని బ్యాక్టీరియాకు ఇల్లుగా ఉండటం. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాతి పైపొరన, రంధ్రాల గోడల మీద కాపురం ఉంటాయి. గుల్లగా ఉన్న రాయి తేలిక, దానిలో చోటు ఎక్కువ. దిట్టంగా ఉన్న రాయి బరువు, దానిలో చోటు తక్కువ. కిలోలనే నమ్ముకుంటే ఎక్కువ పనికొచ్చే రాయి తక్కువ మార్కులతో ఫెయిలవుతుంది.

మంచినీటి తొట్టిలో రాళ్లు పేర్చేవాళ్లకు ఈ గొడవే లేదు. జపానుకు చెందిన తకాషి అమానో (1954-2015) ప్రపంచమంతా ప్రచారంలోకి తెచ్చిన ఇవాగుమి పద్ధతిలో ముందు ఒక పెద్ద రాయిని నిలబెట్టి, మిగతావాటిని దానికి తగ్గట్టుగా కంటి కొలతతోనే అమరుస్తారు. అక్కడ కిలోల ఊసు ఎవరూ ఎత్తరు, రాళ్లు అమ్మేవాడు తప్ప.

మరి తూచడం ఎందుకు? నాకు తట్టిన కారణాలు మూడే. రాయిని తూకానికి అమ్ముతారు కాబట్టి ఇచ్చిన డబ్బుకు సరిపడా వచ్చిందో లేదో చూసుకోవాలి. స్టాండు మీద ఎంత భారం పడుతుందో తెలియాలి. రాయి ఎంత నీటి చోటు ఆక్రమించిందో తెలిస్తే తొట్టిలో నిజంగా ఎన్ని లీటర్లున్నాయో తేలుతుంది. మొదటిదానికి ఉజ్జాయింపు తూకం చాలు. మిగతా రెండింటికి బరువు ఒక్కటే తెలిస్తే చాలదు. నా వాదనంతా ఈ చివరి మాట మీదే నిలబడి ఉంది.

ఇంట్లో ఉన్న యంత్రం

మనుషుల బరువు చూసే యంత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. నేను మొదటిసారి రాళ్లు తూచింది దానితోనే. చిన్న రాయి పెడితే యంత్రం మేలుకోలేదు. పెద్ద రాయి పెడితే అంకె దాని కిందే దాక్కుంది. సరే అని రాయిని పొట్టకు హత్తుకుని ఎక్కి నిలబడ్డాను. ఇప్పుడు అంకెకూ నా కంటికీ మధ్య రాయి అడ్డం. మా అమ్మాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "నాన్నా, కదలకు, అంకె ఆడుతోంది... 78.3" అంది. రాయి దించి ఎక్కితే 71.6. రాయి 6.7 కిలోలన్నమాట.

అక్కడితో ఆగితే బాగుండేది. నిర్ధారించుకుందామని మళ్లీ ఎత్తుకుని ఎక్కాను. 78.3. ఈసారి పిడికెడంత రాయి ఒకటి అదనంగా గుప్పిట్లో పట్టుకుని ఎక్కాను. మళ్లీ 78.3! ఆ చిన్న రాయి వంటింటి త్రాసు మీద 240 గ్రాములు ఉంది. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఇలాంటి యంత్రాల్లో కొన్ని, కొత్త బరువు పాతదానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే తిప్పి చూపిస్తాయి. ఎక్కి దిగిన ప్రతిసారీ అంకె మారితే కొన్నవాడికి నమ్మకం పోతుంది కదా! మధ్యలో బాగా తేడా ఉన్న బరువు ఏదైనా పెట్టి తీస్తే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

ఇంత చెప్పుకున్నాక కూడా నేను ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. మా వాడి పనికి ఈ యంత్రం చాలు. రాళ్లన్నీ ఒక టబ్బులో వేసి, అంకె కనిపించేలా కింద చెక్క దిమ్మ పెట్టి, దాని మీద టబ్బును నిలిపి చూస్తే 30 కిలోలకు ఒక 200 గ్రాములు అటో ఇటో చూపిస్తుంది. ఒక్క శాతం కూడా కాదు. టబ్బు, చెక్క బరువు విడిగా చూసి తీసేయాలి. వాటిని మాత్రమే పెడితే యంత్రం మేలుకోకపోవచ్చు కాబట్టి, అవి చేత్తో పట్టుకుని మనమే ఎక్కడం మేలు. పైపలక గాజుదైతే రాతి మొన నేరుగా దాని మీద ఆనకుండా చూసుకోవాలి. 24కీ 58కీ మధ్య ఎక్కడైనా సరే అనే సూత్రానికి ఇంతకన్నా నిక్కచ్చి తూకం అనవసరం. ఖర్చు సున్నా. రెండో రోజు మా వాడికి ముందుగా చెప్పింది ఇదే.

వంటింటి త్రాసు గురించి ఎక్కువ చెప్పను. ఒక గ్రాము తేడా కూడా చూపిస్తుంది, 5 కిలోలు దాటితే చేతులెత్తేస్తుంది. మనం ముఖ్యంగా తూచాలనుకునే రాళ్లు సరిగ్గా ఆ 5 కిలోలు దాటినవే. చిన్నవాటికైనా ఆ ఒక్క గ్రాము నిక్కచ్చితనం వృథా. తడి రాయి నుంచి రెండు చుక్కలు కారితే అది కాస్తా పోయింది.

నీళ్లలో వేలాడదీస్తే

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తున్నాను. సూట్‌కేసు త్రాసు పిడికిట్లో పట్టేంత ఉంటుంది. పైన పట్టుకునే పిడి, కింద కొక్కెమో పట్టీయో, మధ్యలో అంకెల గడి. 40, 50 కిలోల దాకా తూస్తుంది, 10 గ్రాముల మెట్లలో చూపిస్తుంది. మిగతా త్రాసుల మీద రాయిని పెట్టాలి, దీనికి వేలాడదీయాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ, వేలాడే రాయి కిందికి ఒక బకెట్టు నీళ్లు జరపగానే త్రాసు రెండో అంకె చెబుతుంది.

నేను చేసింది ఇది. బూడిద రంగు సున్నపురాయి ఒకటి వల సంచిలో వేసి వేలాడదీశాను. 4.32 కిలోలు. కింద నీళ్ల టబ్బు పెట్టి, రాయి పూర్తిగా మునిగేలా, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా దించాను. 2.70 కిలోలు. తేడా 1.62. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుందన్నది ఆర్కిమెడిస్ నాటి మాట. లీటరు నీరు కిలో బరువు కాబట్టి ఈ రాయి పరిమాణం 1.62 లీటర్లు. 4.32ను 1.62తో భాగిస్తే సాంద్రత 2.67. సున్నపురాయిలో ప్రధానంగా ఉండే కాల్సైటు ఖనిజం సాంద్రత 2.71. అంటే నా రాయి లోపల దాదాపు గట్టిగానే ఉంది, బ్యాక్టీరియాకు చోటు అంతంత మాత్రమే. రాయిని పగలగొట్టకుండానే దాని కడుపులో ఏముందో తెలిసిపోయింది.

తర్వాత లావా రాయి. ఎండుగా ఉన్నప్పుడు 2.10 కిలోలు. నీళ్లలో దించగానే 0.38. అది చూసి కాగితం మీద రాసుకుంటూ ఉంటే టబ్బులో బుడగల చప్పుడు. ఆవగింజంత బుడగలు ఒక పక్క నుంచి గొలుసుకట్టుగా పైకి వస్తున్నాయి. మరో పక్క ఒక రంధ్రం ఉండి ఉండి గోలీకాయంత బుడగను వదులుతోంది. త్రాసు మీద అంకె 0.41, 0.44 అని మెల్లగా ఎక్కుతోంది. రాయిలోని గాలి బయటికి వచ్చి, ఆ చోటులోకి నీరు వెళుతోంది, అందుకే బరువు పెరుగుతోంది. గంటసేపు అక్కడే కూర్చున్నాను. ఇంట్లోవాళ్లు భోజనానికి పిలిచినా లేవలేదు. రాత్రంతా అలాగే వదిలేసి ఉదయం చూస్తే 0.86.

మధ్యలో ఒక అనుమానం వచ్చింది. చవక త్రాసుల మీద బరువు చాలాసేపు ఉంచితే అంకె తనంతట తానే జారుతుంటుంది. నేను చూస్తున్నది బుడగల పనా, త్రాసు అలసటా? మర్నాడు అదే టబ్బులో సున్నపురాయిని అంతసేపూ వేలాడదీశాను. 10 గ్రాములు కదిలింది, అంతే. కాబట్టి లావా రాయిలో పెరిగిన 480 గ్రాములూ దాని రంధ్రాల్లోకి చేరిన నీరే. రెండు కిలోల రాయి దాదాపు అర లీటరు నీటిని మింగింది. దాన్ని పైకెత్తి నీళ్లు కారనిచ్చి తూస్తే రెండున్నర కిలోలు.

ఈ రెండున్నర అంకెను తడి రాళ్లు తూకానికి కొనేవాళ్లు కాస్త గుర్తుంచుకోవాలి. అదే రాయి ఎండితే 2.10. లైవ్ రాక్‌ను, అంటే ప్రాణులతో సహా తడిగా అమ్మే సముద్రపు రాయిని, ఎండబెట్టి తూచడం కుదరదు, దానిలో ఉన్న ప్రాణులు చచ్చిపోతాయి. నీళ్లు పూర్తిగా కారేదాకా ఆగి తూచమని మాత్రం అడగవచ్చు. మన త్రాసు అమ్మకపుదారు త్రాసుకన్నా నిక్కచ్చిగా ఉంటుందని చెప్పలేను. కానీ అరకిలో తేడా వచ్చేది త్రాసులో కాదు, ఆ నీళ్లలో.

స్టాండు మీద పడేదెంత

మా వాడి అసలు భయం స్టాండు గురించని మాటల మధ్యలో తెలిసింది. 30 కిలోలు అదనంగా వేస్తే తట్టుకుంటుందా అని. ఇక్కడ కూడా రెండో అంకె లేకపోతే లెక్క తప్పుతుంది. తొట్టిలో నీటి మట్టం ఒకే గీత దగ్గర ఉంచుతాం కాబట్టి, రాయి లోపలికి వెళితే దాని పరిమాణం మేరకు నీళ్లు బయట ఉండిపోతాయి. సాంద్రత 2.7 ఉన్న 30 కిలోల రాయి 11 లీటర్ల చోటు తీసుకుంటుంది. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు కాబట్టి అది తప్పించిన నీటి బరువు 11.4 కిలోలు. స్టాండు మీద నిజంగా పెరిగేది 18.6 కిలోలే. 10 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 25 కిలోలు ఉంటుంది. ఆ లెక్కన ఖాళీ తొట్టే 50 కిలోలు. నీళ్లు 200 కిలోలు. వీటి పక్కన ఈ 18.6 పెద్ద భారమేమీ కాదు.

స్టాండుకు భయం లేదంటే అడుగు గాజుకు కూడా లేదని కాదు. మొత్తం బరువును తట్టుకునే గాజు ఒక్క మొన మీద ఆనిన రాయిని తట్టుకోకపోవచ్చు. దానికి త్రాసు ఏమీ చెప్పలేదు. రాయికి వెడల్పైన అడుగు ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి.

నీటి లెక్క సంగతి. 243 లీటర్ల తొట్టి అని పేరే గానీ, గాజు మందం తీసేసి, 40 సెంటీమీటర్ల లోతు వరకే నింపితే 203 లీటర్లు. మూడు సెంటీమీటర్ల ఇసుక 9 లీటర్ల నీటిని తప్పిస్తుంది, రాళ్లు మరో 11. మిగిలింది 183. మందు సీసా మీద రాసిన మోతాదును 243 లీటర్లకు లెక్కగట్టి పోస్తే మూడోవంతు ఎక్కువ పోసినట్టు. కాల్షియం లాంటివి రోజూ కలిపేవాళ్లకూ ఇదే తప్పు రోజూ జరుగుతుంది.

ఈ లెక్క మా వాడికి ఉత్సాహంగా చదివి వినిపించాను. అతను తాపీగా, "మొత్తం 60 లీటర్ల తేడాలో రాళ్ల వాటా 11 మాత్రమే కదా. దానికి త్రాసు దాకా ఎందుకు? రాళ్లు పేర్చేసి, తొట్టి నింపేటప్పుడు ఎన్ని బకెట్లు పోశానో లెక్కపెట్టుకుంటే సరిపోదా?" అన్నాడు.

సరిపోతుంది. గాజు మందం, ఇసుక, రాయి, అన్నీ ఒక్క దెబ్బతో తేలిపోతాయి. నా వాదనలో మూడోవంతు అక్కడికక్కడే కూలిపోయింది. కాసేపు ఏమీ అనలేకపోయాను. తర్వాత అడిగాను: "నీ బకెట్టులో ఎన్ని లీటర్లు పడతాయి?" అతనికి తెలియదు. పది అని ముద్ర ఉన్నంత మాత్రాన పది పోయం, ఒలకకుండా తీసుకెళ్లడానికి నాలుగు వేళ్లు తక్కువగా నింపుతాం. కానీ బకెట్టుకు పిడి ఉంటుంది, పిడికి కొక్కెం పడుతుంది. ఖాళీ బకెట్టు వేలాడదీసి, దాని బరువును సున్నా చేసే టేర్ బటన్ నొక్కి, నీళ్లు నింపి మళ్లీ వేలాడదీస్తే కిలోలే లీటర్లు. ఉప్పు కలిపిన నీరైతే 10.25 కిలోలు పది లీటర్లు. ఓడిపోయిన వాదనను బకెట్టు పిడి పట్టుకుని వెనక్కి లాగావని నవ్వాడు. నిజమే, కానీ లెక్క మాత్రం తప్పు కాదు.

టేర్ అంటే గుర్తొచ్చింది. పాత తక్కెడలకు పాసంగం కట్టేవాళ్లు. ఒక పళ్లెం తేలితే సరిచేయడానికి రెండో వైపు వేసే చిన్న బరువు. ఆ పని ఇప్పుడు ఒక బటన్‌లో ఇమిడిపోయింది.

మరో ఎదురు ప్రశ్న

ఈ విద్య తెలిసినవాళ్లు ఇంకొకటి అంటారు. నీళ్ల బకెట్టును మామూలు కాటా మీద పెట్టి, సున్నా చేసి, రాయిని దారంతో పట్టుకుని నీళ్లలో ముంచితే చాలదా అని. రాయి అడుగుకు తగలనంత వరకు కాటా మీద పెరిగే బరువు సరిగ్గా అది తప్పించిన నీటి బరువే. తీసివేత కూడా అక్కర్లేదు. ఇది కొక్కెం పద్ధతికన్నా అందమైనదని ఒప్పుకుంటాను. 30 కిలోలు తూచేది, అంకెల గడి తీగతో విడిగా ఉండేది పార్సిళ్ల కాటా ఒకటి ఉంటే నేనూ అదే చేస్తాను. అంకె బకెట్టు కింద దాక్కునే బాధ ఉండదు. రాయి జారి పడే భయమూ తక్కువ.

అయితే అది ఖరీదులో ఒక మెట్టు పైన ఉంటుంది, ఏడాదిలో 364 రోజులు మంచం కింద పడి ఉంటుంది. వంటింటి త్రాసుతో ఇదే చేయబోతే బకెట్టూ నీళ్లూ కలిసి దాని 5 కిలోలూ ముందే తినేస్తాయి, రాయికి చోటు మిగలదు. కొక్కెం త్రాసు సొరుగులో పడి ఉంటుంది. రాళ్లు లేనప్పుడు ప్రయాణాలకు పనికొస్తుంది, అసలు దాన్ని తయారు చేసిందే అందుకు. చవక అనే మాటలో ఈ రెండో ఉపయోగాన్ని కూడా కలిపి చూడాలని నా లెక్క.

కొనేటప్పుడు

కొనదలుచుకుంటే 40 లేదా 50 కిలోలది తీసుకుని, 25 దాటకుండా వాడుకోవడం మంచిది. 10 గ్రాముల మెట్లలో చూపిస్తుందంటే 10 గ్రాముల వరకు నిజం చెబుతుందని కాదు. పెట్టె మీద మొదటిదే రాస్తారు, రెండోది మనమే పరీక్షించుకోవాలి. ఒకే బరువును ఐదుసార్లు వేలాడదీసి ఐదుసార్లూ ఒకే అంకె వస్తుందో లేదో చూడటం మొదటి పరీక్ష. గుర్తులున్న పాత్రతో కొలిచి 5, 10, 15 లీటర్ల నీళ్లు వేలాడదీయడం రెండోది. 30 డిగ్రీల దగ్గర పది లీటర్ల నీరు 9.96 కిలోలే ఉంటుంది కాబట్టి 40 గ్రాములు తక్కువ చూపిందని త్రాసును తిట్టకూడదు.

ఇంకో విచిత్రం. స్ప్రింగు త్రాసైనా, డిజిటల్ త్రాసైనా కొలిచేది భూమి లాగే బలాన్ని. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. సగం శాతం తేడా. ఒక కొసన సరిచేసిన త్రాసును రెండో కొసకు తీసుకెళితే 20 కిలోలకు 100 గ్రాములు తేడా చూపిస్తుంది. పాత తక్కెడకు ఈ బాధ లేదు, రెండు పళ్లేలనూ భూమి ఒకేలా లాగుతుంది. మనలో ఎవరూ రాళ్లు మోసుకుని ధ్రువాలకు వెళ్లరు గానీ, 10 గ్రాముల మెట్టు మీద మోజు తగ్గడానికి ఈ సంగతి నాకు బాగా పనికొచ్చింది. సాంద్రత లెక్కకైతే ఇది అసలు అడ్డం కాదు. గాలిలో తూకం, నీటిలో తూకం రెండూ ఒకే నిష్పత్తిలో తప్పుతాయి, భాగహారంలో ఆ తప్పు కొట్టుకుపోతుంది.

అంకె స్థిరపడగానే బిగుసుకుపోయే అలవాటు చాలా కొక్కెం త్రాసులకు ఉంటుంది. సూట్‌కేసుకు అది సౌకర్యం. బుడగలు వదిలే రాయికి అది శాపం, పెరుగుతున్న అంకె కనిపించదు. పోనీ అని ఆపి మళ్లీ నొక్కితే, వేలాడుతున్న రాయినే సున్నా అనుకుని మొదలుపెడుతుంది. ఆ బిగింపును తీసేసే వీలున్నది దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే ప్రతిసారీ రాయిని దించి, సున్నా చూసి, మళ్లీ వేలాడదీయాలి. నాణెం బ్యాటరీతో నడిచేదానికన్నా పెన్సిల్ సెల్‌తో నడిచేది నయం.

బ్యాటరీయే లేని స్ప్రింగు త్రాసు మీద నాకు కొంత మమకారం ఉంది. సాగుదల బలాన్ని బట్టి ఉంటుందని 1678లో రాబర్ట్ హుక్ అచ్చువేసిన సూత్రమే దాని పొట్టలో పనిచేస్తుంది. పేరుకు తగ్గట్టు చివర ఒక హుక్కు కూడా ఉంటుంది. ముల్లు ఎప్పుడూ బిగుసుకుపోదు, బుడగలు వస్తుంటే దానితో పాటే దిగుతుంది. కాకపోతే గీతలు దూరదూరంగా ఉంటాయి. ఉప్పునీటికి స్ప్రింగు తుప్పు పడుతుంది. మోయలేని బరువు ఒక్కసారి వేలాడదీస్తే సాగిన స్ప్రింగు మళ్లీ సున్నాకు రాదు. మంచినీటి తొట్టి ఉన్నవాళ్లకైతే ఇదే కొనమంటాను.

జారిన సంచి

కొక్కెం త్రాసుకు వ్యతిరేకంగా చెప్పదగ్గ పెద్ద మాటను చివరికి దాచుకున్నాను, అందులో నా పరువు కూడా ఉంది కాబట్టి. రెండేళ్ల క్రితం 9 కిలోల రాయిని పాత గుడ్డ సంచిలో వేసి, త్రాసు పిడి రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను. చేతులు వణుకుతుంటే అంకె నిలవడం లేదు. నిలిచేదాకా పంతం పట్టి ఇంకాస్త ఎత్తాను. సంచి చెవి కుట్టు ఊడింది. రాయి నా కాలికి జానెడు దూరంలో పడి నేల పలక రెండు ముక్కలైంది. తొట్టి అక్కడికి రెండు అడుగుల్లో ఉంది, నిండుగా, చేపలతో.

ఆ తర్వాత చేత్తో ఎత్తడం మానేశాను. రెండు బరువైన బల్లల మధ్య గట్టి ఇనుప కడ్డీ అడ్డంగా పెట్టి దానికి త్రాసు కడతాను. రాయి నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉంటుంది. కింద మడతపెట్టిన దుప్పటి. ముంచాల్సి వస్తే టబ్బును మధ్యలోకి జరిపి, అందులోకే దించుతాను. సంచి బదులు నైలాను వల. తొట్టి దగ్గర మాత్రం ఎప్పుడూ తూచను. ఇంత ఏర్పాటు చేసుకునే ఓపిక లేనివాళ్లకు ఇంట్లో ఉన్న బరువు యంత్రం, ఒక టబ్బు చాలు. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

మా వాడు చివరికి ఏ త్రాసూ కొనలేదు. ఇంట్లో ఉన్న యంత్రం మీద టబ్బు పెట్టి మొత్తం రాళ్లు తూచాడు. 27.4 కిలోలు వచ్చింది, చాల్లే అనుకున్నాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఫోను: "ఇందులో ఒక రాయి మరీ తేలికగా ఉంది. లోపల గుల్లేనా, లేక వేరే రకం రాయా?" నా కొక్కెం త్రాసు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాను. వారమైంది, ఇంకా అక్కడే ఉంది. రోజుకో రాయిని ముంచి అంకెలు పంపిస్తున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు కొక్కేన్ని మంచినీళ్లతో కడిగి, తుడిచి ఇమ్మని చెప్పాను.